వేసవి సెలవుల్లో సంపాదించిన పట్టం
సంగీతోపాధ్యాయుల చదువు కథ

సంగీతం నేర్చుకోవడం ఒక విద్య, నేర్పడం మరొక విద్య. గొంతు మంచిదై, తాళం గట్టిదై, నూరు కృతులు కంఠస్థమైనవారు కూడ పదిమంది పిల్లలను ఎదుట కూర్చోబెట్టుకొని సరళీవరుసలు చెప్పవలసి వచ్చేసరికి తడబడడం మనం ఎరిగినదే. ఒక పిల్లకు శ్రుతి కలవదు. ఒక పిల్లవాడికి తాళం నిలవదు. మరొకడు చేతితో తాళం వేస్తాడుగాని నోరు మెదపడు. వీరందరినీ ఒక్క గంటలో ఒక్క దారిన నడిపించడానికి పాడే శక్తి ఒక్కటే చాలదు. పిల్లవాడి మనసు తెలియాలి, పాఠం ముక్కలు చేయడం తెలియాలి, ఎక్కడ ఆపాలో, ఎక్కడ ముందుకు పోవాలో తెలియాలి. దానికి వేరే చదువు కావాలి.

పొరుగు రాష్ట్రాలలో తరతరాలుగా స్థిరపడిన మన కుటుంబాలకు ఈ మాట మరీ దగ్గరిది. బడిలో తెలుగు వాచకం లేని పిల్లకు తెలుగు మాట వినిపించే చోటు ఇల్లు ఒకటి, పాట చెప్పే పంతులమ్మగారి చాప ఒకటి. ఆ చాప మీదనే ఆ పిల్ల తెలుగు పదాన్ని మొదటిసారి నోరారా పలుకుతుంది. అంత బరువు మోస్తున్న ఆ పంతులమ్మగారు తన విద్యను మెరుగుపరచుకోదలచితే దారి ఏది? ఉద్యోగం మాని రెండేళ్లు కళాశాలలో కూర్చుంటే ఇల్లు గడవదు. మానకపోతే చదువు లేదు. పట్టం లేనిదే పెద్ద బడిలో ఉద్యోగం లేదు. నుయ్యి ఒక పక్క, గొయ్యి ఒక పక్క.

ఈ చిక్కు మనకు మాత్రమే కలిగినది కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పాఠశాల సంగీతోపాధ్యాయులు దీనిని నూరేళ్లకు పైగా ఎదుర్కొని, ఒక ఉపాయం పన్నినారు. బడి సాగినన్నాళ్లు పాఠం చెప్పడం, బడికి సెలవులిచ్చిన వేసవిలో తామే విద్యార్థులై విశ్వవిద్యాలయానికి పోవడం. అట్లా మూడు నాలుగు వేసవులు చదివి, సంగీత బోధనలో మాస్టర్స్ పట్టం, అనగా మన ఎం.ఏ. వంటి పట్టం, పుచ్చుకోవడం. ఈ ఏర్పాటు ఒక్కనాడు పుట్టినది కాదు. దాని చరిత్రను పాఠకులకు మనవి చేయడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

పాట చెప్పే పంతుళ్లు

అమెరికాకు వలసపోయిన ఆంగ్లేయులు మొదట దేవాలయంలో పాడుకునే కీర్తనల కోసమే సంగీతం నేర్చుకున్నారు. 18వ శతాబ్దంలో న్యూ ఇంగ్లండు ప్రాంతంలో పాట పంతుళ్లు ఊరూరా తిరిగి, కొద్ది వారాలపాటు సాయంకాలపు బడి పెట్టి, నలుగురికీ స్వరాలు చూచి పాడడం నేర్పి, మరొక ఊరికి పోయేవారు. వారిలో పేరుపొందిన విలియం బిల్లింగ్స్ (1746–1800) వృత్తిచేత తోళ్లు ఊనేవాడు. పాటలు కట్టినాడు, పాటలు నేర్పినాడు, చివరకు బీదతనంలోనే పోయినాడు. పాట పంతులుకు అప్పుడు పట్టం లేదు, జీతం నిలకడ లేదు. పాడగలిగితే పంతులే.

ఈ స్థితిని మార్చినవారిలో ముఖ్యుడు లోవెల్ మేసన్ (1792–1872). ఈయనా మొదట సంగీతం వల్ల బ్రతికినవాడు కాదు. జార్జియా రాష్ట్రంలోని సవానా పట్టణంలో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ, తీరిక వేళల్లో దేవాలయ గాయకబృందాన్ని నడిపినాడు. 1827లో బోస్టనుకు వచ్చి స్థిరపడినాడు. 1833లో అక్కడ బోస్టన్ సంగీత అకాడమీ ఏర్పడినప్పుడు దానికి ప్రాణం ఆయనే. సంగీతం కొద్దిమంది వరపుత్రుల సొత్తు కాదనీ, చదవడం వ్రాయడం వలెనే ప్రతి బిడ్డకూ నేర్పదగినదనీ ఆయన నమ్మకం.

కాని ప్రతి బిడ్డకూ నేర్పాలంటే నేర్పేవారు కావాలి గదా! అందుచేత 1834లో అకాడమీవారు ఉపాధ్యాయుల కోసమే ఒక ప్రత్యేక తరగతి పెట్టినారు. కొద్ది రోజుల తరగతి. మొదట పది పన్నెండుమందికి మించని చిన్న గుంపు. ఏటేటా మళ్లీ పెట్టగా, దూరపు ఊళ్లనుంచి పంతుళ్లు రావడం మొదలై, సంఖ్య పెరిగింది. పాట నేర్చుకోవడానికి గాక, పాట నేర్పడం నేర్చుకోవడానికి ఉద్యోగస్థులు పని తీరిక చూచుకొని కలుసుకోవడం ఈ దేశంలో అక్కడినుంచి ఒక ఆచారమైనది. నేటి వేసవి పట్టానికి విత్తనం అదే.

1837–38లో మేసన్ దక్షిణ బోస్టనులోని హాస్ పాఠశాలలో పైసా పుచ్చుకోకుండా ఏడాదిపాటు పాట చెప్పినాడు. పిల్లలు పాడగా విని, 1838 ఆగస్టులో బోస్టన్ పాఠశాలా సంఘంవారు సంగీతాన్ని బడి పాఠాల్లో చేర్చినారు. ప్రభుత్వ పాఠశాలలో సంగీతం నిత్యపాఠంగా నిలబడడానికి అమెరికావారు చెప్పుకునే పుట్టినరోజు అదే.

ఇక్కడ ఒక్కమాట. ఆ సంవత్సరాలలోనే మన త్యాగరాజస్వామి (1767–1847) తిరువయ్యారులో శిష్యులకు తమ కృతులు చెబుతున్నారు. కాకర్లవారి ఇంటిపేరు గల ఆ కుటుంబం తెలుగు సీమనుంచి కావేరీ తీరానికి వలసవెళ్లినదే. అనగా మన వంటి ప్రవాసాంధ్రుల ఇల్లే అది. అక్కడ గురువుగారి ఇంట శిష్యుడు ఏళ్ల తరబడి సేవచేసి, విని, అని, గ్రహించేవాడు. ఇక్కడ మేసన్‌గారు పది రోజుల్లో పంతులును తయారుచేయబూనినాడు. ఒక పద్ధతిలో లోతు ఉన్నది, మరొకదానిలో విస్తారం ఉన్నది. రెంటికీ దేని న్యాయం దానిది. వేలకొలది బడులు, లక్షలకొలది పిల్లలు కళ్లెదుట ఉన్న దేశానికి విస్తారమే ముందు అవసరమైనది.

పది రోజులు పోయి మూడు నెలలు

మేసన్‌తో కలిసి పనిచేసిన జార్జి ఫ్రెడరిక్ రూట్ (1820–1895) ఈ పనిని మరొక మెట్టు ఎక్కించినాడు. పది రోజుల తరగతిలో ఉత్సాహం పుడుతుందిగాని విద్య నిలవదని ఆయన అనుభవం. 1853లో న్యూయార్కు నగరంలో సంగీతోపాధ్యాయులకు మూడు నెలల శిక్షణాలయం పెట్టినాడు. మేసన్, బ్రాడ్‌బరీ మొదలైన పెద్దలు వచ్చి పాఠాలు చెప్పినారు. బోధన పద్ధతి, స్వరజ్ఞానం, గాత్రసాధన, బృందగానం ఇవన్నీ ఒకే చోట దొరికినవి. కొన్నేళ్లకు ఆ బడిని మసచూసెట్సులోని పల్లెటూరు నార్త్ రీడింగుకు మార్చినాడు. తర్వాత అంతర్యుద్ధ కాలంలో సైనికుల నోట మారుమ్రోగిన పాటలు కట్టి రూట్ పేరుపొందినాడు గాని, పంతుళ్లకు పంతులుగా ఆయన చేసిన పని అంతకంటె చిన్నది కాదు.

ఈలోగా మామూలు ఉపాధ్యాయుల శిక్షణ కూడ ఏర్పడుతున్నది. హోరేస్ మాన్ ప్రయత్నంవల్ల 1839లో మసచూసెట్సులోని లెక్సింగ్టనులో మొదటి ప్రభుత్వ నార్మల్ స్కూలు, అనగా ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల, వెలసినది. అయితే అందులో చదివినవారికి సంగీతం అంతంతమాత్రం. సంగీతం వచ్చినవారికి బోధనాశాస్త్రం తెలియదు. ఈ రెంటినీ ముడివేసినది జూలియా ఎటీ క్రేన్ అనే మహిళ. 1886లో న్యూయార్కు రాష్ట్రంలోని పాట్స్‌డాము ఊరిలో ఆమె సంగీత నార్మల్ విద్యాలయం స్థాపించింది. సంగీతోపాధ్యాయులను నార్మల్ స్కూలుతో చేర్చి తీర్చిన తొలి సంస్థలలో అది అగ్రగణ్యం. నేటికీ ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో భాగంగా ఆమె పేరుతోనే నడుస్తున్నది.

పాఠ్యపుస్తకాలు అచ్చువేసేవారు కూడ ఈ రంగంలోకి దిగినారు. వారి లెక్క వేరు. పంతులుకు పుస్తకం వాడడం చేతనైతేనే బడివారు పుస్తకం కొంటారు. 1884లో హోసియా హోల్ట్ లెక్సింగ్టనులో వేసవి బడి తెరిచి తమ గ్రంథమాల ప్రకారం బోధించడం నేర్పినాడు. అటువంటివి ఒకదాని వెనుక ఒకటి వెలసినవి. వ్యాపారం కోసం పుట్టినవే అయినా, పల్లెటూరి పంతులమ్మకు ఏడాదికి కొన్ని వారాలు మంచి సంగీతం నడుమ బ్రతికే అవకాశం ఇచ్చినవి. కాని చివర చేతికి వచ్చేది ఒక యోగ్యతాపత్రం మాత్రమే. విశ్వవిద్యాలయపు గౌరవం దానికి లేదు.

విశ్వవిద్యాలయం తలుపు తెరిచిన వేసవి

ఆ గౌరవం రావడానికి కారణం సంగీతం కాదు, మరొక ఉద్యమం. 1874లో న్యూయార్కు రాష్ట్రంలోని షటాక్వా సరస్సు ఒడ్డున లూయిస్ మిల్లర్, జాన్ హైల్ విన్సెంట్ అనే ఇద్దరు ఆదివారపు బడుల ఉపాధ్యాయుల కోసం వేసవి సమావేశం పెట్టినారు. చెట్ల నీడన మొదలైన ఆ సమావేశం కొద్ది కాలానికే భాషలు, చరిత్ర, విజ్ఞానం, సంగీతం చెప్పే పెద్ద వేసవి విద్యాపీఠమైనది. హార్వర్డులో అంతకు మునుపే 1871లో వేసవి పాఠాలు ఆరంభమైనవి.

షటాక్వాలో పాఠాలు చెప్పిన విలియం రైనీ హార్పర్ 1892లో తెరిచిన చికాగో విశ్వవిద్యాలయానికి మొదటి అధ్యక్షుడు. ఆయన సంవత్సరాన్ని నాలుగు భాగాలు చేసి, వేసవి భాగాన్ని కూడ మిగిలిన మూడింటితో సమానం చేసినాడు. మొదటి వేసవి తరగతులు 1894లో జరిగినవి. కోట్లు ఖర్చుపెట్టి కట్టిన భవనాలు, గ్రంథాలయాలు మూడు నెలలు తాళాలు వేసి ఉంచడం దేనికని ఆయన వాదన. వేసవిలో చదివిన పాఠానికి శీతకాలంలో చదివిన పాఠంతో సరితూకమైన విలువ కట్టడమే ఇందులో కీలకం. ఆ ఒక్క నిర్ణయంతో ఉద్యోగస్థుడు ముక్కలు ముక్కలుగా చదివి పూర్తి పట్టం పొందడం సాధ్యమైనది.

న్యూయార్కులో టీచర్స్ కాలేజీ 1898లో కొలంబియా విశ్వవిద్యాలయంతో అనుబంధం పొందింది. 1900లో అక్కడ వేసవి తరగతులు మొదలైనవి. వందలతో మొదలైన విద్యార్థుల సంఖ్య 1920లలో పదివేలు దాటింది. వారిలో అధికభాగం ఉపాధ్యాయులే, ఉపాధ్యాయులలో అధికభాగం స్త్రీలే. దేశం నలుమూలలనుంచి రైళ్లలో వచ్చి, అద్దె గదుల్లో దిగి, ఎండలో తరగతులకు పోయి, ఆరు వారాలు గడవగానే మళ్లీ తమ ఊరి బడికి చేరుకునేవారు. అక్కడి సంగీత విభాగానికి 1924లో పీటర్ డైకెమా వచ్చినాడు. 1935లో మనస్తత్వశాస్త్రజ్ఞుడు జేమ్స్ మర్సెల్ వచ్చి చేరినాడు. బిడ్డ సంగీతాన్ని ఎట్లా గ్రహిస్తాడన్న ప్రశ్నకు ఈయన పాఠాలు, గ్రంథాలు ఎన్నో ఏళ్లు మార్గదర్శకమైనవి.

పట్టం ఎందుకు కావలసివచ్చింది?

విద్య మీది ఆశ ఒక్కటే ఇన్ని వేలమందిని ఎండకాలంలో ప్రయాణం కట్టించలేదు. ముచ్చటగా మూడు కారణాలు చెప్పుకోవచ్చును.

మొదటిది, సంగీతోపాధ్యాయులు ఒక వృత్తిసంఘంగా ఏర్పడడం. 1907 ఏప్రిల్‌లో అయోవా రాష్ట్రంలోని కియోకక్ పట్టణంలో ఫిలిప్ హేడెన్ ఆహ్వానం మీద పాఠశాల సంగీత పర్యవేక్షకులు సమావేశమైనారు. ఫ్రాన్సెస్ ఎలియట్ క్లార్క్ అనే మహిళ అధ్యక్షత వహించింది. ఆ సమావేశమే పెరిగి జాతీయ సంఘమైనది. నలుగురూ కలిసేసరికి, మన వృత్తికి ఎంత చదువు ఉండాలి అన్న ప్రశ్న బయలుదేరింది.

రెండవది, బడుల్లో వాద్యబృందాలు పెరగడం. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన తర్వాత హైస్కూళ్లలో బాండు, ఆర్కెస్ట్రా వేగంగా వ్యాపించినవి. గాత్రం మాత్రమే తెలిసిన పంతులు ఒక్కసారిగా పిల్లనగ్రోవి, బాకా, వయొలిన్, మృదంగం వంటి తాళవాద్యాలు, అన్నీ చెప్పవలసివచ్చింది. 1928లో జోసెఫ్ మాడీ, థాడియస్ గిడింగ్స్ మిషిగన్ రాష్ట్రంలోని ఇంటర్లాకెను అడవిలో హైస్కూలు పిల్లలకు వేసవి ఆర్కెస్ట్రా శిబిరం పెట్టినారు. చికాగోలో 1909లోనే హేల్ వాండర్‌కుక్ బాండు పంతుళ్లను తయారుచేసే విద్యాలయం స్థాపించినాడు. పెద్ద విశ్వవిద్యాలయం కాకపోయినా, వేసవుల్లో మాస్టర్స్ పట్టం చదవదలచిన ఉపాధ్యాయులకు ఆ సంస్థ పేరు నేటికీ పరిచితమే.

మూడవది జీతం. పూర్వం చిన్న తరగతుల పంతులమ్మకు తక్కువ, హైస్కూలు మాష్టరుకు ఎక్కువ జీతమిచ్చేవారు. ఒకే పని చేసిన పురుషునికి, స్త్రీకి తేడా ఉండేది. 1921లో డెన్వరు, డి మోయిన్ పట్టణాలవారు కొత్త పద్ధతి తెచ్చినారు. తరగతితో సంబంధం లేకుండా, చదువునుబట్టి, అనుభవాన్నిబట్టి జీతం. క్రమంగా దేశమంతటా ఇదే వాడుకైనది. దానితో మాస్టర్స్ పట్టానికి రొక్కపు విలువ ఏర్పడినది. జీవితాంతం ప్రతినెలా కొంత ఎక్కువ చేతికి వస్తుందన్నప్పుడు మూడు వేసవులు కష్టపడడానికి ఎవరు వెనుదీస్తారు? 1944లో వచ్చిన చట్టంవల్ల యుద్ధంనుంచి తిరిగివచ్చిన సైనికుల చదువు ఖర్చు ప్రభుత్వమే భరించింది. వారిలో సంగీతోపాధ్యాయులైనవారు కూడ ఈ దారి పట్టినారు.

మూసిన తలుపుల నడుమ తెరిచిన కిటికీ

ఈ చరిత్రలో మన మనసును ఎక్కువగా కదిలించే అధ్యాయం నీగ్రోలని ఆనాడు పిలువబడిన నల్లజాతి ఉపాధ్యాయులది. దక్షిణ రాష్ట్రాల ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు వారిని చేర్చుకునేవి కావు. నల్లవారి కళాశాలల్లో పెద్ద పట్టాలకు చదువు చాలా చోట్ల లేదు. సమానావకాశం ఇవ్వలేదన్న నింద తప్పించుకోవడానికి పలు దక్షిణ రాష్ట్రాలు ఒక తంత్రం పన్నినవి. మా విశ్వవిద్యాలయంలో చేరవద్దు, ఉత్తరాదికి పోయి చదువుకో, చదువు ఖర్చులో కొంత భాగం మేమిస్తాం అన్నవి. అనగా తమ తలుపు మూసి ఉంచడానికి వెలకట్టినవి.

ఆ ఉపాధ్యాయులు ఆ వెలనే పెట్టుబడి చేసుకున్నారు. సెలవులు రాగానే వేరుచేసిన రైలుపెట్టెల్లో ఉత్తరాదికి ప్రయాణం కట్టి, కొలంబియా వంటి చోట్ల వేసవి తరగతుల్లో కూర్చుని పట్టాలు గడించి, మళ్లీ తమ పల్లెల బడులకు పోయినారు. 1938లో మిసూరీ రాష్ట్రపు న్యాయవిద్యార్థి లాయిడ్ గెయిన్స్ దావాలో, పరరాష్ట్రానికి పంపితే సమానత్వం చెల్లినట్లు కాదని సుప్రీంకోర్టు చెప్పినా, ఆ ఆచారం చాలాకాలం సాగింది. 1940లో వర్జీనియాలోని నార్ఫోక్ పట్టణపు ఉపాధ్యాయుడు మెల్విన్ ఆల్స్టన్, సమానమైన అర్హత ఉండగా తెల్లవారికంటె తక్కువ జీతమిస్తున్నారని వేసిన దావా అప్పీలు కోర్టులో గెలిచింది. అర్హతపత్రం చేత లేనివాడు ఆ దావా వేయలేడు గదా! వేసవిలో చెమటోడ్చి తెచ్చుకున్న కాగితం న్యాయస్థానంలో ఆయుధమైనది. 1954లో వేరుబడుల పద్ధతే చెల్లదని తీర్పు వచ్చింది.

వర్జీనియా రాష్ట్ర కళాశాలలో 1927నుంచి 1972వరకు సంగీతం చెప్పిన ఉండీన్ స్మిత్ మూర్ (1904–1989) అనే విదుషి కథ ఇందుకు చేరువైనది. బానిసలుగా బ్రతికినవారి మనుమరాలు. ఉద్యోగం చేస్తూనే న్యూయార్కుకు ప్రయాణాలు చేసి 1931లో టీచర్స్ కాలేజీ ఎం.ఏ. పట్టం పుచ్చుకున్నది. తర్వాత తన జాతి పాటలను స్వరపరచి దేశప్రసిద్ధి పొందింది. మార్టిన్ లూథర్ కింగ్ జీవితం మీద పెద్ద గానరచన చేసింది. అయినా నలభై అయిదేళ్లు తరగతి విడువలేదు.

పద్ధతి, దాని మంచిచెడ్డలు

ఈ పట్టపు లెక్క ఇట్లా ఉంటుంది. మాస్టర్స్ పట్టానికి సుమారు 30 క్రెడిట్లు, కొన్ని చోట్ల అంతకు కొంచెం ఎక్కువ, కావాలి. క్రెడిట్ అంటే పాఠం గంటలకు కట్టిన విలువ. ఒక్క వేసవిలో 6నుంచి 10దాకా చేతికి వస్తాయి. కనుక మూడునుంచి అయిదు వేసవులు పడుతుంది. సంగీత విద్యాచరిత్ర, బోధనా తత్త్వం, మనస్తత్వశాస్త్రం, పరిశోధన చేసే తీరు, సంగీతశాస్త్రం, బృంద నిర్వహణం అనేవి ముఖ్యమైన పాఠాలు. చివర ఒక పరిశోధన వ్యాసమో, తన బడిలో చేసి చూపిన పనియో సమర్పించాలి. 1960ల తర్వాత హంగేరీ దేశపు కొడాయ్, జర్మనీ దేశపు ఆర్ఫ్ పద్ధతులు నేర్పే వేసవి తరగతులు వీటిలో చేరినవి. ఇటీవల కొంత భాగం కంప్యూటరు తెర మీద, కొంత భాగం వేసవిలో ముఖాముఖిని నడుపుతున్నారు.

దీనిలో లోపాలు లేకపోలేదు. ఆరు వారాల్లో పదునెనిమిది వారాల పాఠం కూరడంవల్ల గ్రంథం చదివే తీరిక ఉండదని కొందరు పెద్దలు అనాడే ఆక్షేపించినారు. జ్ఞానం కోసం గాక, జీతపు మెట్టు కోసం క్రెడిట్లు లెక్కపెట్టుకునేవారు తయారైనారన్న మాట కూడ నిజమే. ఏడాదంతా పిల్లలతో అలసిన మనిషికి విశ్రాంతి లేకుండా పోతుంది. ఇంట చంటిబిడ్డ ఉన్న తల్లికి ఆరు వారాలు ఊరు విడిచిపోవడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

కాని ఒక గొప్ప మేలు కూడ ఉన్నది. రెండేళ్లు వరుసగా చదివేవాడు నేర్చినదంతా పోగుచేసుకొని తర్వాత ఎప్పుడో వాడతాడు. వేసవి విద్యార్థి జులైలో విన్న పాఠాన్ని సెప్టెంబరులో పిల్లల మీద పరీక్షిస్తాడు. అది పనిచేయకపోతే మరుసటి జులైలో ఆచార్యులను నిలదీస్తాడు. సాటి విద్యార్థులూ పంతుళ్లే. భోజనాల దగ్గర, వరండాల్లో వారు చెప్పుకునే అనుభవం పుస్తకంలో దొరకదు. నేర్చుకోవడం, నేర్పడం ఒకదానినొకటి సానపట్టే ఈ గుణం పూర్తికాల చదువులో అరుదు.

మన దేశంలో

మన సంగీతంలో గురుకులం పోయి కళాశాల రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1901లో విష్ణు దిగంబర్ పలుస్కర్ లాహోరులో గాంధర్వ మహావిద్యాలయం స్థాపించినారు. 1931లో వారి శిష్యులు మండలిగా ఏర్పడి నడిపిస్తున్న పరీక్షలకు మహారాష్ట్రలోని మన పిల్లలు నేటికీ కూర్చుంటున్నారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల వెలసి, ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులైనారు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడ వయొలిన్ ఆచార్యులై, తర్వాత అధ్యక్షులైనారు. ఒడిశాలోని మనవారికి అది పక్క ఊరి వంటిదే. 1928లో ఏర్పడిన మదరాసు సంగీత అకాడమీ 1931లో సంగీతోపాధ్యాయ కళాశాల తెరిచి, టైగర్ వరదాచారిగారికి అధ్యక్షపదవి ఇచ్చింది. మదరాసు విశ్వవిద్యాలయంలో సంగీతశాఖను చిరకాలం నడిపిన సాంబమూర్తిగారు బడిపిల్లలకు సంగీతం క్రమపద్ధతిని చెప్పడం గురించి ఎన్నో గ్రంథాలు వ్రాసినారు.

వేసవి చదువు కూడ మనకు కొత్త కాదు. 1929లో ఎస్. ఆర్. రంగనాథన్‌గారి పూనికతో మదరాసు గ్రంథాలయ సంఘం వేసవి బడి పెట్టి, గ్రంథాలయ నిర్వహణం నేర్పింది. 1931లో మదరాసు విశ్వవిద్యాలయం దానిని స్వీకరించింది. తర్వాత అది పట్టభద్రులకు డిప్లొమా చదువైనది. ఒక సంఘం వేసవిలో నాటిన మొక్క విశ్వవిద్యాలయపు తోటలో చెట్టయిన ముచ్చట ఇది. 1963లో అమెరికా సాయంతో విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులకు వేసవి శిక్షణ తరగతులు మొదలైనవి. 1966నుంచి మైసూరు, భువనేశ్వరం, అజ్మీరు, భోపాలులలోని ప్రాంతీయ విద్యాకళాశాలలు పనిచేస్తున్న ఉపాధ్యాయులకు రెండు వేసవులు ముఖాముఖి పాఠాలు, నడుమ ఉత్తరాల ద్వారా పాఠాలు చెప్పి బి.ఇడి. పట్టం ఇచ్చినవి. మైసూరు, భువనేశ్వరం అంటే మన పాఠకులలో పలువురికి ఇంటి గడపే.

మరొక చిత్రం చూడండి. 1960లలో కాలిఫోర్నియాలో ప్రాచ్య కళలు నేర్పడానికి పెట్టిన వేసవి తరగతుల్లో మదరాసునుంచి వెళ్లిన బాలసరస్వతిగారు నాట్యం చెప్పినారు. ఆమె ఇంటి సంప్రదాయానికి ప్రాణం క్షేత్రయ్య పదాలు. అమెరికా వేసవి బడిలో అమెరికా విద్యార్థులు తెలుగు పదానికి అభినయం పట్టినారు. అది చెప్పినవారి మాతృభాష తమిళం. నేర్పేవారు సమర్థులైతే భాష సరిహద్దు దాటి, సముద్రం దాటి నిలుస్తుంది. నేర్పేవారు లేకపోతే సొంత ఇంటిలోనే మూగబోతుంది.

మనం గ్రహించవలసినది

ఈ చరిత్ర అంతటిలో మాకు తోచిన సారం ఇది. విశ్వవిద్యాలయాలు మొదట మేలుకొనలేదు. ముందు పంతుళ్లే పది రోజులు కలుసుకున్నారు. తర్వాత మూడు నెలలు కలుసుకున్నారు. తర్వాత సంఘం కట్టుకున్నారు. చివరకు విశ్వవిద్యాలయం తలుపు తెరిచింది. 1834 తరగతికి, చికాగో తొలి వేసవికి నడుమ అరవై ఏళ్లు ఉన్నవి. పట్టం వచ్చేవరకు ఆగుదామని మేసన్‌గారు కూర్చుంటే పట్టమే వచ్చేది కాదు.

మన సంఘాలకు పట్టాలిచ్చే అధికారం లేదు. దాని అవసరమూ మొదట లేదు. కాని సంఘభవనం ఉన్నది, వేసవిలో ఖాళీగా ఉంటుంది. ఊరిలో పాట చెప్పుకునే పంతులమ్మలు, మాష్టర్లు పదిమందైనా ఉంటారు. వారిని పది రోజులు ఒక చోట చేర్చి, ఒక అనుభవజ్ఞుడైన ఆచార్యుని పిలిపించి, బోధన పద్ధతి చెప్పించవచ్చును. కృతిలోని తెలుగు మాటకు అర్థం, ఉచ్చారణ చెప్పడానికి ఒక భాషాపండితుని కూర్చోబెట్టవచ్చును. పరీక్షలకు కూర్చునేవారికి రుసుమూ, దూరపు విశ్వవిద్యాలయానికి పోదలచిన ఒక్కరికి ప్రయాణపు ఖర్చూ చందాలనుంచి ఇవ్వవచ్చును. పంతులమ్మగారు చదువుకునే ఆ వారాల్లో ఆమె పిల్లలను చూచుకోవడం కూడ ఇరుగుపొరుగు ఆడవారు పంచుకోదగిన పనే. ఆమె బాగా చదివితే లాభం పొందేది మన పిల్లలే గదా!

ఉగాది వెళ్లిన కొద్ది వారాలకే బడులకు సెలవులు వస్తాయి. ఈ సంచిక చదివి ముగించేసరికి మామిడి పిందె కాయ అవుతుంది. కొత్త సంవత్సరపు తొలి సెలవులను ఈ పనికి వినియోగించవలసినదని సంఘ సభ్యులకు మా విన్నపం. పాఠకులందరికీ, ముఖ్యంగా చాప పరచి తెలుగు పాట చెబుతున్న ఉపాధ్యాయులందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.